పది బై పన్నెండు గదిలో హై-రెస్ స్టీరియో: ఎక్కడ మొదలెట్టాలి?

గట్టుమీద (రావులపాలెం)

అందరికీ నమస్కారమండి. ఇంట్లో కూర్చుని హై-రెస్ (సీడీ కంటే ఎక్కువ వివరంతో ఉండే) పాటలు స్టీరియోలో వినే ఏర్పాటు చేసుకోవాలనుంది. గది 10 అడుగులు బై 12, శ్లాబు ఎత్తు 10. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, కుడి పక్క గోడకి పెద్ద అద్దాల కిటికీ. ప్రస్తుతం ఉన్నవి విండోస్ 10 ల్యాప్‌టాపు, ఆండ్రాయిడ్ ఫోను. బడ్జెట్టు 45 వేలు, మహా అయితే 50. షాపులో 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ డాక్ (ఫైల్లోని అంకెల్ని ధ్వని సిగ్నల్‌గా మార్చే పెట్టె) చూపించారు. హై-రెస్ బొమ్మ అంటించిన బ్లూటూత్ సౌండ్‌బారూ చూపించారు. దేనికి ఎంత పెట్టాలి, ఏ వరసలో కొనాలి?

తంబూరా (తణుకు)

అంకె చూసి డాక్ కొనకండి మాస్టారూ. సీడీ 16 బిట్ (ఒక్కో కొలత ఎంత సన్నదన్నది), 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి ఎన్ని వేల కొలతలన్నది). హై-రెస్ పేరుతో అమ్మే ఆల్బములు దాదాపు అన్నీ 24 బిట్‌లో, 44.1 నుంచి 192 లోపే ఉంటాయి. ఆ 768లో వినడానికి మీకు పాటలే దొరకవు. 24/192 (24 బిట్, 192 కిలోహెర్ట్జ్) దాకా శుభ్రంగా ఆడే చిన్న యూఎస్‌బీ డాక్ 5 వేల లోపు వస్తుంది, దానికంటే ఎక్కువ ఇప్పుడు పెట్టొద్దు.

సౌండ్‌బార్ సంగతి: ఎడమ, కుడి రెండూ మీటరు పొడవు డబ్బాలోనే ఉంటే ఇక స్టీరియో ఎక్కడ పరుచుకుంటుందండీ? పైగా బ్లూటూత్. 24/96 స్టీరియోకి కుదించకుండా సెకనుకి 4608 కిలోబిట్లు కావాలి. ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో ఎక్కువ డేటా పంపే పద్ధతి) అన్నీ కలిసొస్తే 990 ఇస్తుంది, సిగ్నల్ బాగోకపోతే 660కో 330కో దిగిపోతుంది. అందులో హై-రెస్ అంటే బొమ్మే.

డబ్బు పంపకం నేనైతే ఇలా చేస్తాను. స్పీకర్ల జతకి 26 నుంచి 28 వేలు. యాంప్‌కి (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయరు) 10. డాక్‌కి 4 లేదా 5. స్టాండ్లు, వైర్లు, గోడకి పెట్టే ప్యానెళ్ళకి మిగిలిన 5, 6 వేలు. ఈ చివరి పద్దుని అందరూ కోసేస్తారు. మీ గదికి మాత్రం డాక్ కంటే అదే ముఖ్యం.

స్పీకర్లు: 5 లేదా 6 అంగుళాల వూఫరున్న (బేస్ ఆడే పెద్ద కోను) పాసివ్ (లోపల యాంప్ లేని) బుక్‌షెల్ఫ్ జత. 6.5 దాటొద్దు, ఈ గదిలో బేస్ ఎటూ ఎక్కువే వస్తుంది. వూఫర్ అంచు రబ్బరుదై ఉండాలి. ఫోమ్ అంచు మన తేమకి కొన్నేళ్ళలో బంకలా అయ్యి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే మొదట వేలితో నొక్కి చూడాల్సింది అదే.

యాంప్: చిన్న క్లాస్-డి (తక్కువ వేడితో నడిచే రకం) పెట్టె చాలు, కానీ పెట్టె మీద రాసిన 300 వాట్లు నమ్మకండి. అది 48 వోల్టుల సప్లై పెట్టి, 4 ఓముల లోడుకి, 10 శాతం వక్రీకరణ ఒప్పుకుని రాసిన లెక్క. 24 వోల్టుల అడాప్టరిస్తే 8 ఓములకి వచ్చేది గరిష్ఠంగా 36 వాట్లు (24ని 24తో గుణించి 16తో భాగించండి). 32 వోల్టులైతే 64. కొనేటప్పుడు అడాప్టర్ మీద వోల్టులూ ఆంపియర్లూ చదవండి. మీకు 36 చాలు. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకరుకి 30 వాట్లిస్తే మీటరు దూరంలో 101. మీ కుర్చీ దగ్గరకి కొంత తగ్గినా, రెండు స్పీకర్లు కలిసి పీక్‌లో 95 దాటుతుంది. శ్లాబు గదిలో అది తక్కువేం కాదు.

వీణమెట్టు (ద్రాక్షారామం)

తంబూరా గారు పెట్టెలు చెప్పారు, నేను ఫోనూ ల్యాప్‌టాపూ చెబుతాను. చాలామందికి హై-రెస్ ఆగిపోయేది ఇక్కడే.

ఆండ్రాయిడ్ మామూలుగా అన్ని శబ్దాలనీ తన మిక్సర్లో కలిపి, ఎక్కువ ఫోన్లలో 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపుతుంది. 24/96 ఫైలు పెట్టినా డాక్‌కి చేరేది 48. దాన్ని దాటాలంటే సొంత యూఎస్‌బీ డ్రైవరున్న యాప్ కావాలి. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో డబ్బుకి, హైబీ మ్యూజిక్ ఉచితంగా. డాక్ గుచ్చగానే అనుమతి అడిగే కిటికీ వస్తుంది, ఒప్పుకోండి. అది రాలేదంటే సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోనుకి యూఎస్‌బీ పరికరాలు తగిలించే సదుపాయం) ఆఫ్‌లో ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లలో అది దానంతటదే ఆగిపోతుంది.

విండోస్ 10లో 1703 తర్వాతి వెర్షన్ అయితే 96 పైన ఆడే యూఎస్‌బీ క్లాస్ 2 డాక్‌లకి విడిగా డ్రైవరక్కర్లేదు. ఫూబార్2000 అనే పాటల ప్లేయరు వేసుకుని, ప్రిఫరెన్సెస్‌లో అవుట్‌పుట్‌కి వెళ్ళి, మీ డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అప్పుడు విండోస్ మిక్సర్ అడ్డురాదు, పాట ఏ రేటులో ఉందో అదే రేటులో పోతుంది.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? రేటు చూపించే చిన్న తెరో, రంగు మారే లైటో ఉన్న డాక్ కొనండి. 44.1 పాటకి 44.1, 96కి 96 చూపించాలి. ఏ పాటకైనా 48 దగ్గరే కూర్చుందంటే మధ్యలో ఎవరో మారుస్తున్నట్టే.

యాపిల్ మ్యూజిక్ చందాలో 24/192 దాకా లాస్‌లెస్ (ధ్వనిలో ఏమీ పోకుండా కుదించినది) వస్తుంది, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో మాత్రం మీరే ఆన్ చేసుకోవాలి. 48 దాటిన రేటుకి బయట డాక్ ఉండాలని యాపిలే చెబుతోంది. వాళ్ళ చిన్న హెడ్‌ఫోన్ డాంగిల్ 24/48 దగ్గరే ఆగుతుంది. యూట్యూబ్ ఎంత పెద్ద వీడియో పెట్టినా ఆడియో కుదించినదే.

గట్టుమీద (రావులపాలెం)

ఆయ్, అర్థమైందండి. స్పీకర్లు ఏ గోడకి పెట్టమంటారు? టీవీ పొడుగు గోడకి ఉంది, దాని కింద బల్ల మీద పెట్టేద్దామనుకుంటున్నాను.

తంబూరా (తణుకు)

బల్ల వద్దండి. టీవీ గోడా వద్దు. 10 అడుగుల గోడ ముందు, 12 అడుగుల పొడవునా చూసేటట్టు పెట్టండి.

కొలతలు రాసుకోండి. రెండు స్పీకర్ల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి 6 అడుగులు. పక్క గోడల నుంచి చెరో 2 అడుగులు. స్పీకరు ముందు ముఖం వెనక గోడకి రెండున్నర అడుగుల్లో. వెనక రంధ్రం ఉన్న స్పీకరుకి ఆ గాలి కావాల్సిందే. కుర్చీలో మీ తల ఆ గోడ నుంచి 8 అడుగుల దగ్గర ఉండాలి, అప్పుడు స్పీకరుకీ మీకూ 6 అడుగుల పైచిలుకు వస్తుంది, త్రిభుజం సరిపోతుంది. ట్వీటరు (పై స్వరాలు ఆడే చిన్న భాగం) చెవి ఎత్తులో, మామూలు కుర్చీకి నేల నుంచి 36 నుంచి 40 అంగుళాలు.

సరిగ్గా గది మధ్యలో, అంటే 6 అడుగుల దగ్గర కూర్చోకండి. 12 అడుగుల పొడవుకి మొదటి గది స్వరం (గోడల మధ్య నిలిచి మోగేది) 48 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అది మధ్యలో మాయమైపోతుంది. వెనక గోడకి ఆనుకుంటే అదే రెట్టింపై గుండెల్లో దడదడలాడుతుంది.

మీ గదికి ఇంకో పేచీ ఉంది. వెడల్పు 10, ఎత్తు 10. రెండిటి స్వరమూ ఒకచోటే, 57 హెర్ట్జ్ దగ్గర. కుర్చీ ఎడమ కుడి గోడల నడిమధ్య ఉంటే వెడల్పుది చాలావరకు వినపడదు. ఎత్తుది మాత్రం ఎటు జరిగినా ఉంటుంది. మృదంగం తొప్పి వైపు కొన్ని దెబ్బలు మిగతావాటికంటే ఉబ్బినట్టు వినిపిస్తే అది స్పీకరు లోపం కాదు.

స్టాండ్లు వడ్రంగితోనో వెల్డింగు షాపులోనో చేయించుకోవచ్చు. బోలు ఇనప గొట్టమైతే అది మోగకుండా ఇసుక పోయాలి. గోదావరి ఇసుకే, కాకపోతే జల్లించి, రెండు మూడు రోజులు ఎండలో బాగా ఆరబెట్టి, పాలిథీన్ సంచుల్లో కట్టి దింపండి. తడి ఇసుక పోస్తే గొట్టం లోపల్నుంచి తుప్పు పడుతుంది. అడుగున గ్రానైట్ షాపులో మిగిలిపోయిన ముక్క వేస్తే నిలకడగా ఉంటుంది.

కరెంటుపని (భీమవరం)

వైరు సంగతి నేను చెబుతా. ఎలక్ట్రికల్ షాపులో 1.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ వైరు, ఎరుపొకటి నలుపొకటి. స్పీకరుకి 5 మీటర్లయితే రానూపోనూ కలిపి 0.12 ఓము. 8 ఓముల ముందు అది రెండు శాతం లోపే, అయిదు శాతం దాకా బాధ లేదు. మీటరుకి వేలు పోసే వైర్లతో పనిలేదు. అల్యూమినియానికి రాగి పూత వేసినవి మాత్రం కొనకండి, తేమకి కొస తెల్లగా పూసి వదులైపోతుంది. గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది.

ఎరుపు నలుపు తారుమారైతే బేస్ పోతుంది, గొంతు ఎక్కడినుంచొస్తోందో తెలియదు. రంగులు లేని పాత స్పీకరుకి యాంప్ వైరు పీకేసి, పెన్సిల్ సెల్‌ని క్షణం ఆనించండి. వూఫర్ ముందుకి వస్తే సెల్ ప్లస్ తగిలిన చోటే ప్లస్.

ఇక కరెంటు. చెరువుల ఏరియేటర్లూ బోరు మోటార్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నచోట సాయంత్రం 180కి పడిపోవడం, అర్ధరాత్రి 250 దాటడం మామూలే. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే తక్కువ వోల్టేజీకి భయం లేదు, స్టెబిలైజరూ వద్దు. పైకి పోతేనే ప్రమాదం. న్యూట్రల్ తెగితే మీ ఇంటికి 400 దాకా రావచ్చు. అప్పుడు స్పైక్ గార్డ్ కాలిపోతుంది, దాని వెనక పెట్టెలూ పోతాయి. తక్కువా ఎక్కువా రెండిటికీ కట్ అయ్యే వోల్టేజ్ ప్రొటెక్టర్ ఒకటి బోర్డులో పెట్టించి, 170కీ 260కీ సెట్ చేయించండి. ఉరుములప్పుడు ప్లగ్గులు పీకేయాల్సిందే, ఇంటర్నెట్ లాన్ వైరుతో సహా. ఆ దారిన వచ్చేది ఈ ప్రొటెక్టరు చూడదు.

ఇన్వర్టర్ మీద విందామనుకుంటే అది ప్యూర్ సైన్‌దా కాదా చూసుకోండి. స్క్వేర్ వేవ్‌దైతే ట్రాన్స్‌ఫార్మరున్న యాంప్ గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది.

గట్టుమీద (రావులపాలెం)

హోరు మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇప్పుడున్న పాత కంప్యూటర్ స్పీకర్లలో కూడా ల్యాప్‌టాప్ చార్జరు పెట్టగానే సన్నగా జుయ్యిమంటుంది. కొత్తవాటికీ ఇదే వస్తుందా?

కరెంటుపని (భీమవరం)

వస్తుంది, కారణం స్పీకరు కాదు కనక. చార్జరు తీస్తే పోతోందంటే గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాపుదీ యాంప్‌దీ గ్రౌండులు రెండు దారుల్లో కలుస్తున్నాయి, ఆ తేడా సిగ్నల్ వైరు మీద నడుస్తోంది. వరసగా ఇలా చూడండి. మొదట అన్నిటినీ ఒకే సాకెట్టు నుంచి తీసిన ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదకి తెండి. సగం ఇళ్ళలో అక్కడితో పోతుంది. పోకపోతే డిష్ వైరు, కేబుల్ టీవీ వైరు ఏదైనా ఈ యాంప్‌కో టీవీకో తగిలి ఉందేమో పీకి చూడండి. అప్పటికీ ఉంటే ఆప్టికల్ వైరుతో కలపండి, అది గాజో ప్లాస్టిక్కో గనక కరెంటు దారి తెగిపోతుంది. దాని మీద 96 దాకా నమ్మకం, 192 ఒక్కోసారి తెగుతూ వస్తుంది. చవక ఆడియో ఐసొలేటర్ డబ్బాలు కొనకండి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదై బేస్ తినేస్తుంది.

న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. 2, 3 వోల్టులు దాటితే ముందు ఎర్తు గొయ్యి చూపించుకోవాలి. మూడో పిన్ను విరగ్గొట్టి హోరు పోయిందనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. హోరుతో పాటు మనిషీ పోతాడు.

ఉప్పుగాలి (అంతర్వేది)

తేమ గురించి రెండు ముక్కలు. వెండి పూత ప్లగ్గులు మా వైపు నెలల్లో నల్లబడతాయి, బంగారు పూతవి తీసుకోండి. ఒక వైపు శబ్దం వస్తూ పోతూ ఉంటే యాంప్ చెడిందనుకోకముందు ఆర్‌సీఏ ప్లగ్గుని (యాంప్ వెనక గుచ్చే సిగ్నల్ వైరుది) పవర్ ఆపి నాలుగుసార్లు తిప్పండి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వాల్యూం నాబ్ గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్, డబ్ల్యూడీ-40 కాదు.

బల్లులు! యాంప్ వెచ్చగా ఉంటుంది, చలికాలం రాత్రి చీలికల్లోంచి లోపలికి దూరతాయి, సప్లై బోర్డు మీద షార్టయి చస్తాయి, యాంప్‌నీ తీసుకుపోతాయి. వెనక చీలికలకి లోపలివైపు సన్న దోమతెర అంటించండి, గాలి ఆగకూడదు. ఆపాక గుడ్డ కప్పండి, నడుస్తున్నప్పుడు కాదు.

పాపికొండ (రాజమండ్రి)

అంతా బాగుంది గానీ మీరంతా గదీ వైరూ అంటూ అసలు హై-రెస్‌ని పక్కన పెట్టేస్తున్నారు. మంచి సిస్టం మీద 24/192కీ సీడీకీ తేడా వింటే తెలుస్తుందండీ.

తంబూరా (తణుకు)

తెలుస్తుందో లేదో పరీక్షించుకోవచ్చు. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఎస్‌ఏసీడీ (హై-రెస్ డిస్కు) ధ్వని మధ్యలో 16/44.1 పెట్టె ఇరికించి జనానికి వినిపించారు. మామూలు స్థాయిలో ఎవరూ పట్టుకోలేకపోయారు. 2016లో జాషువా రీస్ 18 ప్రయోగాలని కలిపి లెక్కేస్తే సరైన జవాబులు 52.3 శాతం. గుడ్డిగా చెబితే 50.

పాపికొండ (రాజమండ్రి)

అదే రీస్ లెక్కలో ముందుగా శిక్షణ ఇచ్చినవాళ్ళకి 60 దగ్గరకి వచ్చిందని కూడా చెప్పండి మరి.

తంబూరా (తణుకు)

చెబుతాను, నిజమే. లేదని నేనూ అనలేదు, సన్నదంటున్నాను. ఫ్యాను తిరిగే గదిలో నిశ్శబ్దం 40 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. దాని మీద 16 బిట్ ఇచ్చే 96 కలిపితే 136. చెవి ఒప్పుకోని స్థాయి అది. 24 బిట్ అవసరం అక్కడ ఎవరికి? రికార్డింగు చేసేవాళ్ళకి.

ఎవరికి వాళ్ళే తేల్చుకోవచ్చు. నార్వేలోని 2ఎల్ అనే సంస్థ హై-రెస్ నమూనా ఫైళ్ళు ఉచితంగా ఇస్తుంది. 24/96 ఒకటి తీసుకుని, ఫూబార్‌లో డిథర్‌తో (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్న బుస) 16/44.1కి మార్చి, ఏబీఎక్స్ కంపారేటర్ (ఏది ఏదో చెప్పకుండా వినిపించే ప్లగిన్) పెట్టి, ఏది ఏదో 16 సార్లు చెప్పండి. 12 పైన సరిగ్గా చెబితే అదృష్టం అనలేం. షాపులో వినిపించే తేడా వేరు. అక్కడ రెండు మాస్టరింగులు (విడుదలకి ముందు పాటకి చేసే చివరి సర్దుబాటు) వేరు, లేదా ఒకటి అర డెసిబెల్ ఎక్కువ. ఆ అర డెసిబెలే చెవికి స్పష్టతలా తోస్తుంది.

వీణమెట్టు (ద్రాక్షారామం)

మాస్టరింగు అసలు మాట. 24 బిట్ ఆల్బం కొనే ముందు దానికోసం కొత్తగా, తక్కువ నొక్కి (చిన్న, పెద్ద శబ్దాల తేడా చెరపకుండా) చేశారా అని చూడాలి. హై-రెస్ పేరుతో సీడీనే సాగదీసి అమ్మేవీ ఉన్నాయి. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు వేయండి. 24/96 అని చెప్పిన దానిలో 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగిపోతే అది సాగదీసిన సీడీ. 16 దగ్గరే తెగితే ఇంకా ఘోరం, 128 ఎంపీ3కి ఫ్లాక్ (లాస్‌లెస్ ఫైలు రకం) చొక్కా తొడిగారు.

పాత టేపు రికార్డింగుల్లో పైన ఏమీ కనిపించకపోవడం మాత్రం మోసం కాదు. ఘంటసాల కాలం నాటి పాటలు ఎక్కువ మోనోలోనే ఉన్నాయి, 24/192లో వేసినా గొంతు పెరగదు. కానీ ఆ మోనో పాటలే మీ స్పీకర్లకి మొదటి పరీక్ష. కళ్ళు మూసుకుంటే గొంతు రెండు పెట్టెల సరిగ్గా మధ్య, అరచేతి వెడల్పులో నిలవాలి. ఒక పక్కకి జరిగితే దూరాలు సమానంగా లేవు, లేదా మీ అద్దాల కిటికీ ఒక పక్క ప్రతిధ్వనిస్తోంది. పరుచుకుపోతే ఎరుపు నలుపు చూడండి. రెండో పరీక్షకి చిట్టిబాబు వీణో, మా ఊళ్ళో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణో పెట్టండి. మీటు తర్వాత తీగ తగ్గిపోతూ ఎంతసేపు వినిపిస్తుందో గమనించండి. గది మోగుతుంటే ఆ తోకనే మింగేస్తుంది.

చోటు లెక్క: ఫ్లాక్‌లో సీడీ గంటకి 300 నుంచి 400 ఎంబీ, 24/96 గంటకి ఒక జీబీ పైన. ఇంట్లో సీడీలుంటే బూజు పట్టకముందే ఎక్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో దింపేయండి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాదు, మధ్య నుంచి అంచుకి.

కొబ్బరిపీచు (అంబాజీపేట)

గది ప్రతిధ్వని తగ్గాలంటే కిటికీకి మందపాటి కర్టెన్, కిటికీ వెడల్పుకి రెండింతలు గుడ్డ, అద్దానికి 4 అంగుళాలు ఎడంగా. ఎడమ గోడకి ప్యానెల్. ఎక్కడ పెట్టాలంటే, మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు అద్దం గోడకి ఆనించి జరుపుతూ పోవాలి, ఎక్కడ స్పీకరు కనిపిస్తే అదే చోటు.

మన దగ్గర దొరికే రబ్బరైజ్డ్ పీచు షీటు ఒకటి 2 అంగుళాలది వేస్తే పై స్వరాలే తగ్గుతాయి. రెండు పొరలు వేసి 4 చేయండి. 48 డెన్సిటీ రాక్‌వూల్ పలక 50 మిల్లీమీటర్లది, గోడకి ఇంకో 50 ఎడం ఇస్తే దానికంటే బాగా పనిచేస్తుంది. ఆ ఎడం వల్ల గోడ చెమ్మకి బూజూ పట్టదు. రాక్‌వూల్‌ని గుడ్డతో పూర్తిగా మూయాలి, నూగు గాల్లోకి రాకూడదు. గుడ్డ ఏదైనా, నోటితో ఊదితే గాలి అవతలికి పోవాలి. రెక్సిన్ పనికిరాదు. కోడిగుడ్ల అట్టలు దండగ. కొనేముందు దూది పరుపు నిలబెట్టి విని చూడండి, తేడా తెలిస్తేనే ఖర్చు పెట్టండి. నేల మీద మందపాటి తివాచీ, ఒక్క జంఖానా చాలదు.

తంబూరా (తణుకు)

ఆ 57 హెర్ట్జ్ ఉబ్బుని ఈ ప్యానెళ్ళు ముట్టుకోలేవు, అడుగు మందం ఉన్నా కష్టమే. దానికి ఈక్వలైజర్ (ఒక్కో స్వరాన్ని విడిగా తగ్గించేది, పెంచేది). విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రాం వేసుకుని 57 దగ్గర 5 డెసిబెల్స్ తగ్గించండి, క్యూ (ఎంత ఇరుకుగా తగ్గించాలన్నది) 4 దగ్గర పెట్టి, చెవితోనో రూమ్ ఈక్యూ విజార్డ్‌తో కొలిచో సరిచేసుకోండి. పెంచడం వద్దు, తగ్గించడమే. ఒక మెలిక: ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో ఏపీఓ పనిచేయదు. అంటే వీణమెట్టు గారు చెప్పిన దారి మానేసి, విండోస్ మిక్సర్ గుండానే పోవాలి. నన్నడిగితే అలాగే పోండి. ఉబ్బిన బేస్‌తో బిట్ బిట్టూ అక్షరాలా పంపించి ఏం లాభం?

వీణమెట్టు (ద్రాక్షారామం)

అది ఒప్పుకుంటాను, కష్టంగానే. ఫూబార్‌లోనే ఈక్వలైజర్ ప్లగిన్ పెడితే మిక్సర్ జోలికి పోకుండా రెండూ కుదురుతాయి.

గట్టుమీద (రావులపాలెం)

చివరగా ఒకటండి. వాల్యూం ఎక్కడ తగ్గించాలి, ల్యాప్‌టాప్‌లోనా యాంప్‌లోనా?

తంబూరా (తణుకు)

యాంప్‌లో. డాక్ నిండుగా ఉంచి, యాంప్ నాబ్‌తో మామూలుగా వినే స్థాయికి తెచ్చి, రాత్రిపూట చిన్న మార్పులు ల్యాప్‌టాప్‌లో చేసుకోండి. విండోస్‌లో డాక్‌ని 24 బిట్‌కి పెట్టి ఉంచితే 48 డెసిబెల్స్ తగ్గించినా 16 బిట్లు మిగులుతాయి, అక్కడ మాత్రం ఆ అదనపు బిట్లు నిజంగా పనికొస్తాయి. యాంప్ నాబ్ ఎప్పుడూ నిండుగా ఉంచితే ట్వీటర్లో బుస వినిపిస్తుంది. వేసేటప్పుడు ముందు ల్యాప్‌టాపు, డాక్, చివర యాంప్. ఆపేటప్పుడు యాంప్ మొదట. తిరగేస్తే ఠప్పుమనే దెబ్బ ట్వీటరుకి తగులుతుంది.